ఖాళీ అయిన ఊరికి తిరుగు టికెట్

1994 సెప్టెంబర్ 22, గురువారం రాత్రి. సూరత్‌లో రైలు పట్టాలకు తూర్పున ఉన్న లింబాయత్. సాంచెల మోతకు పక్క మనిషి మాట వినాలన్నా గట్టిగా అరవాల్సిన వీధులవి. ఆ రాత్రి మాత్రం పక్కింట్లో ట్రంకు పెట్టె మూసిన చప్పుడు కూడా వినిపించింది. ఖాతాల్లో (నేత షెడ్లలో) మరమగ్గాలు ఒక్కొక్కటిగా ఆగిపోతున్నాయి. బీముల మీద బట్ట సగంలోనే ఉంది.

కరీంనగర్, వరంగల్, నల్లగొండ పల్లెల నుంచి వచ్చిన పద్మశాలి ఇళ్లు ఇక్కడ వీధులకు వీధులే ఉన్నాయి. వాటిలో ఏ ఇంటి తలుపు తట్టినా ఆ రాత్రి దాదాపు ఇవే మాటలు:

“బట్టలు సదురు. నవజీవన్ల జాగ దొర్కితే వరంగల్ల దిగుదాం.”

“పగార్ రాలే గదా? సేటు దగ్గర పదిహేను దినాల పైసలున్నయి.”

“పానముంటే పగార్ మల్లొస్తది. బతుకమ్మకు ఊరికి పోదామని నువ్వే అంటివి గదా, నడువ్.”

బతుకమ్మకు ఇంకా రెండు వారాలుంది. వినాయక నిమజ్జనమై వారం కూడా కాలేదు.

మందు లేదు, డాక్టరు లేడు

ఆ నెల మొదట్లో తాపీ నదికి వరదొచ్చింది. నీళ్లు తీశాక పల్లపు బస్తీల్లో బురద, చచ్చిన పశువులు, కుళ్లిన చెత్త మిగిలాయి. వేడ్ రోడ్డు వైపు నుంచి జ్వరం, దగ్గు, నెత్తుటి కళ్లెతో మనుషులు ఆస్పత్రికి రావడం మొదలైంది. అంతకుముందే మహారాష్ట్రలోని బీడ్ జిల్లాలో గడ్డల ప్లేగు కనిపించింది. సూరత్‌లోది ఊపిరితిత్తులకు పట్టే రకమని, తుమ్మితే అంటుతుందని వార్త గుప్పుమంది.

ప్రైవేటు డాక్టర్లు చాలామంది క్లినిక్కులకు తాళాలు వేసి వెళ్లిపోయారు. టెట్రాసైక్లిన్ బిళ్లల కోసం జనం మందుల షాపుల ముందు కొట్టుకున్నారు. మూతికి రుమాలు కట్టుకుని, సంకలో పిల్లల్ని ఎత్తుకుని, దొరికిన రైలు ఎక్కారు. నాలుగైదు రోజుల్లో లక్షల మంది ఊరు విడిచారు. సొంతూళ్లలో దిగినవాళ్లను ఆదరించడానికి ముందు అనుమానంగా చూశారు. స్టేషన్లలో వైద్య బృందాలు నిలబడ్డాయి. పలు దేశాలు మన విమానాలను ఆపేశాయి. ఇంత కలకలం రేగినా, దేశం మొత్తమ్మీద చనిపోయినవారు అరవై మందికి లోపే. అసలది ప్లేగేనా అన్న వాదన మాత్రం ఏళ్ల తరబడి నడిచింది. హైదరాబాద్ సీసీఎంబీ శాస్త్రవేత్తలు జన్యు పరీక్షలు చేసి అది ప్లేగు క్రిమేనని 2000లో ప్రకటించారు.

ఖాళీ కావడం సూరత్‌కు కొత్త కాదు

మొఘలులకు సింహాసనం ఢిల్లీ, ఆగ్రాల్లో ఉంటే, డబ్బు వచ్చే వాకిలి సూరత్. మక్కా యాత్రికుల ఓడలు బయల్దేరిన రేవిది. ఇంగ్లిష్ కంపెనీ మొదటి కోఠీల్లో ఒకటి తెరిచిన ఊరు కూడా ఇదే. అంత సంపద ఉన్నచోటికే 1664 జనవరిలో శివాజీ సైన్యం వచ్చింది. గవర్నర్ ఇనాయత్ ఖాన్ కోటలో తలుపులు బిగించుకున్నాడు. దిక్కులేని జనం పల్లెలకు పారిపోయారు. 1670లో మరోసారి అదే దోపిడీ. 1837లో అగ్నిప్రమాదం రోజుల తరబడి ఊరిని కాల్చింది, ఆ ఏడాదే వరద ముంచింది. ఈలోగా బొంబాయి ఎదిగి ఓడల వ్యాపారాన్ని పట్టుకుపోయింది. అయినా జరీ, నేత పట్టుకుని సూరత్ నిలబడింది. ఖాళీ అయిన ప్రతిసారీ మళ్లీ నిండింది.

సూర్యదేవర వారి చీపురు

ప్లేగు తర్వాత, 1995 మేలో సూరత్‌కు కొత్త మున్సిపల్ కమిషనర్‌గా వచ్చిన ఎస్.ఆర్. రావు మన తెలుగువారే. పూర్తి పేరు సూర్యదేవర రామచంద్రరావు. గుజరాత్ కేడర్ ఐఏఎస్. ఆయన ఊరిని ఆరు జోన్లుగా విడగొట్టి, సంతకం కోసం ప్రతి ఫైలూ తన దగ్గరికి రానవసరం లేకుండా అధికారాలను కిందికి పంచారు. తనతో సహా అధికారులంతా రోజూ వీధుల్లో తిరగాలన్నారు. ఆ పద్ధతికి ‘ఏసీ నుంచి డీసీ’ అన్న పేరు పడింది. చల్లని గది వదిలి రోజువారీ పనిలోకి దిగాలని దాని భావం. రోడ్లను రాత్రిళ్లు గీకి ఊడ్చారు. బస్తీలకు నీటి కుళాయిలు, మరుగుదొడ్లు వచ్చాయి. ఆక్రమణల కూల్చివేత పెద్దవాళ్ల కట్టడాల జోలికీ వెళ్లింది. ఏడాదిన్నర తిరిగేసరికి, వారసత్వ పరిరక్షణ సంస్థ ఇన్‌టాక్ చండీగఢ్ తర్వాత దేశంలో రెండో శుభ్రమైన నగరంగా సూరత్‌ను ఎంచింది. 1998లో రావుకు పద్మశ్రీ వచ్చింది.

పనివాళ్లు మాత్రం రోడ్లు మెరిసేదాకా ఆగలేదు. ప్లేగు భయం తగ్గగానే తిరుగు రైలెక్కారు. సగంలో వదిలిన బట్ట అలాగే ఉంది, రావాల్సిన పగారూ అలాగే ఉంది. ఊళ్లో పనుంటే అసలు వలస ఎందుకొస్తారు? 2006 ఆగస్టు వరదలోనూ, 2020 లాక్‌డౌన్‌లోనూ ఇదే కథ: పోవడం, మళ్లీ రావడం.

సూరత్ చూడబోయేవారికి గైడ్లు తాపీ ఒడ్డు కోట, గోపీ తలావ్, ఇంగ్లిష్, డచ్ వర్తకుల గోపురాల సమాధులు చూపిస్తారు. అన్నీ చూడదగ్గవే. దారిలో ఆ ఊరి చిరుతిండి లోచో వేడివేడిగా తినకుండా రావద్దు. ఆ తర్వాత ఒక పూట లింబాయత్‌కు కేటాయించండి. వానకు నీళ్లు నిలిచే రైల్వే గరనాళా (పట్టాల కింది దారి) దాటితే చాలు, తెలుగు బోర్డులు కనిపిస్తాయి. ఈ నగరపాలిక తెలుగు మాధ్యమంలోనూ బడులు నడుపుతోంది. ఆశ్వయుజంలో వెళ్తే బతుకమ్మ ఆట చూడొచ్చు. ఆ వర్తకులు లాభం తగ్గగానే వెళ్లిపోయారు, వాళ్ల సమాధులు మాత్రం ఇక్కడ మిగిలాయి. చావుభయంతో పోయి కూడా తిరిగొచ్చిన వాళ్ల వల్లే సూరత్ ఇంకా నడుస్తోంది.