కంటికి కనబడాల్సిన మంట

ఇంగ్లండులో ఇంట్లో కట్టెల పొయ్యి పెట్టించుకోవాలంటే ముందు చదవాల్సింది భవన నిర్మాణ నిబంధనల్లో ‘జె’ అనే అక్షరం కింద ఉన్న పుస్తకం. ఇనుప పెట్టె, దానికో అద్దం తలుపు, నెత్తిన ఒక గొట్టం. చూడ్డానికి ఇంతే. దీనికి ఓ పుస్తకమా అని మన ఊళ్లో ఎవరికి చెప్పినా నవ్వుతారు, మూడు రాళ్లు పెడితే పొయ్యి కదా అంటారు. నిజమే. కానీ మూడు రాళ్ల నుంచి అద్దం తలుపు దాకా రావడానికి ఇంగ్లండు కొన్ని శతాబ్దాలు తగలబెట్టుకుంది. ఊళ్లు, పసిపిల్లలు, ఊపిరితిత్తులు అన్నీ అందులో పోయాయి. ఆ పుస్తకంలో మిల్లీమీటర్లు తప్ప చరిత్ర ఒక్క వాక్యం కూడా ఉండదు. అందుకే ఇది రాస్తున్నాను.

చలి దేశాలన్నీ ఒకే తీరున చలి కాచుకోలేదు. స్వీడన్‌లో, జర్మనీలో, రష్యాలో నిప్పును ఎప్పుడో మూసిపెట్టారు. పింగాణీ పలకలు తాపిన నిలువెత్తు పొయ్యిలో నాలుగు కట్టెలు కాలిస్తే, మంట ఆరిపోయాక కూడా గంటల తరబడి దాని గోడలే వేడినిస్తాయి. ఇంగ్లిషువాడికి అది గిట్టలేదు. మంట కంటికి కనబడాలి. గోడలో గూడు, గూట్లో నిప్పు, దాని ముందు కుర్చీ, కుర్చీ పక్కన కుక్క. వేడిలో ఎక్కువ భాగం పొగతోపాటు ఆకాశంలో కలిసినా సరే, ముఖం మాడుతూ వీపు వణుకుతున్నా సరే. జార్జ్ ఆర్వెల్ అంతటి రచయిత 1945లో ఈ తెరిచిన మంటను వెనకేసుకొస్తూ పత్రికలో వ్యాసమే రాశాడు. ఇక్కడి పొయ్యి చరిత్రంతా ఈ ఒక్క మొండిపట్టు చుట్టూ తిరిగిందని నా అభిప్రాయం.

1662లో రెండో చార్లెస్ రాజు ఖజానా నిండక పొయ్యిల మీద పన్ను వేశారు. పొయ్యికి ఏడాదికి రెండు షిల్లింగులు, రెండు వాయిదాల్లో. లెక్క తేల్చడానికి వచ్చినవాళ్లు గది గదీ తిరిగి చూసేవాళ్లు. బీదలకు మినహాయింపు ఉన్నా, పరాయివాడు పడకగది దాకా రావడం జనానికి ఒళ్లు మండించింది. 1684లో ఆక్స్‌ఫర్డ్‌షైర్‌లో చర్చిల్ అనే ఊళ్లో రొట్టెలు కాల్చే ఒకామె పన్ను ఎగ్గొట్టడానికి తన పొగను పక్కింటి గొట్టంలోకి మళ్లించిందని, దాంతో ఊళ్లో ఇరవై ఇళ్లు కాలిపోయాయని చెబుతారు. 1689లో విలియం, మేరీ గద్దెనెక్కగానే ఈ పన్ను ఎత్తేశారు. పన్ను పోయినా చిట్టాలు మిగిలాయి. లండన్ పుడింగ్ లేన్‌లో రొట్టెల బట్టీ నడిపిన థామస్ ఫారినర్ పేరూ ఆ చిట్టాల్లో ఉంది. 1666 సెప్టెంబరు 2 తెల్లవారకముందే నిప్పు పుట్టింది ఆయన ఇంట్లోనే. నాలుగైదు రోజుల్లో 13,200 ఇళ్లు, 87 పేట చర్చిలు, సెయింట్ పాల్ పెద్ద చర్చి బుగ్గి అయ్యాయి.

మరుసటి ఏడాది వచ్చిన చట్టం లండన్‌లో ఇళ్లను ఇటుకతోనో రాతితోనో కట్టమంది. అప్పటికే దగ్గరి అడవులు తరిగి కట్టెల ధర పెరిగి, నగరం న్యూకాజిల్ నుంచి ఓడల్లో వచ్చే బొగ్గుకు అలవాటు పడింది. బొగ్గు పొగ ఇరుకు గొట్టంలో అయితేనే బాగా లాగుతుంది. ఇళ్లు అంతస్తులుగా లేచేకొద్దీ ఒక్కో గది గొట్టం పక్కదాన్ని తప్పించుకుంటూ వంకర్లు తిరిగి పైకి చేరేది. లోపలి కొలత చాలాచోట్ల తొమ్మిది అంగుళాలకు పద్నాలుగు అంగుళాలు. ఆ సందులోకి మసి దులపడానికి పట్టే మనిషి ఎవరు?

ఐదారేళ్ల పిల్లవాడు. అనాథ శరణాలయాల నుంచి, తిండికి లేని తల్లిదండ్రుల దగ్గర నుంచి తెచ్చుకునేవాళ్లు. మోచేతులు, మోకాళ్లు గోడకు ఒత్తుకుంటూ చీకట్లో పైకి పాకాలి. చర్మం గట్టిపడాలని మోచిప్పల మీద ఉప్పునీళ్లు రుద్ది సెగ దగ్గర నిలబెట్టేవాళ్లు. దిగేటప్పుడు పట్టు జారితే మోకాళ్లు గడ్డానికి తగిలి మడతపడి ఇరుక్కుపోయేవాడు. మీద మసి కూలితే ఊపిరాడక అక్కడే ప్రాణం పోయేది. బతికి పెద్దయినవాళ్లకు మరో బాధ. వాళ్ల వృషణాల సంచికి వచ్చే పుండు క్యాన్సరని, దానికి మసే కారణమని 1775లో పర్సివల్ పాట్ అనే శస్త్రవైద్యుడు రాశాడు. చేసే పని వల్ల క్యాన్సర్ వస్తుందని వైద్యం మొదట గుర్తించింది అప్పుడే.

చట్టాలు రాలేదా అంటే వచ్చాయి. 1788లో ఎనిమిదేళ్లు నిండాలన్నారు. 1840లో ఇరవై ఒకటి నిండనివాళ్లు ఎక్కకూడదన్నారు. అమలు చేసేవాడు లేడు. పొడుగాటి కర్రలు ఒకదానికొకటి తగిలించే బ్రష్షులు అప్పటికే బజారులో ఉన్నాయి. బ్రష్ అయితే తివాచీ పాడవుతుందని పెద్దిళ్ల వాళ్లు పిల్లవాణ్నే పంపమనేవాళ్లు. 1875లో కేంబ్రిడ్జ్ దగ్గర ఫుల్‌బోర్న్ ఆసుపత్రి గొట్టంలో జార్జ్ బ్రూస్టర్ అనే బాలుడు ఇరుక్కుపోతే గోడ పగలగొట్టి తీశారు, కాసేపటికే చనిపోయాడు. ఆ ఏడాదే సంఘ సంస్కర్త లార్డ్ షాఫ్ట్స్‌బరీ పట్టుబట్టి, పోలీసుల లైసెన్సు లేనివాడు గొట్టాలు దులపకూడదని చట్టం చేయించాడు. మొదటి చట్టానికీ దీనికీ మధ్య ఎనభై ఏడేళ్లు. ఇవాళ మా ఇంటికి ఏడాదికోసారి గొట్టం దులిపే ఆయన వ్యాను వేసుకొచ్చి, తివాచీ మీద శుభ్రమైన గుడ్డ పరిచి, వాక్యూమ్ పెట్టి, పని అయ్యాక సర్టిఫికెట్ రాసిచ్చి పోతాడు. ఇంటి బీమా కంపెనీ ఆ కాగితం అడగొచ్చు.

మంటను కాస్త దారిలో పెట్టినవాడు రమ్‌ఫర్డ్. అమెరికాలో పుట్టి, బవేరియాలో కొలువు చేసి బిరుదు పొందిన శాస్త్రవేత్త. 1790ల్లో లండన్ వచ్చి, గూటి లోతు తగ్గించి, పక్కగోడలు ఏటవాలుగా తిప్పి, గొంతు ఇరుకు చేసి చూపించాడు. గదిలోకి పొగ తగ్గింది, వేడి పెరిగింది. కానీ మంట తెరిచే ఉంది, గొట్టాలు ఊరి మీదికి కక్కుతూనే ఉన్నాయి.

ఆ లెక్క 1952 డిసెంబరు 5న తేలింది. గాలి కదల్లేదు, చలికి అందరూ బొగ్గు మరింత వేశారు, పొగ నేలకే అంటుకుపోయింది. ఐదు రోజులు లండన్‌లో పట్టపగలు దారి కనబడలేదు. సాడ్లర్స్ వెల్స్ నాటకశాలలోకి పొగ చొరబడి సంగీత నాటకం మధ్యలో ఆపేశారు. ప్రభుత్వం అప్పట్లో నాలుగు వేల చావులన్నది. తర్వాతి పరిశోధకులు పన్నెండు వేల దాకా లెక్కగట్టారు. ఇంత జరిగినా మంత్రులు తటపటాయించారు. ప్రతి ఓటరు ఇంట్లోనూ గోడలో నిప్పుందాయె. చివరికి 1956లో శుభ్ర వాయు చట్టం వచ్చింది. పేటల వారీగా పొగ రాని ఇంధనమే కాల్చాలన్నారు, పాత గూళ్లు మార్చుకోవడానికి డబ్బు సాయం చేశారు. వెనకాలే ఉత్తర సముద్రపు గ్యాస్ వచ్చింది.

మేముండేది లీడ్స్‌లో 1890ల నాటి ఇటుకల వరస ఇల్లు. కట్టెల పొయ్యి కోసం ముందు గదిలో గోడ పగలగొట్టించినప్పుడు ఈ కథంతా పొరలు పొరలుగా బయటపడింది. పైన 1970ల నాటి గ్యాస్ హీటరు. దాన్ని లాగితే దాని వెనక లేత గోధుమరంగు టైల్స్ తాపిన చిన్న గూడు, బహుశా 1956 చట్టం వచ్చిన కాలంలో పెట్టింది. టైల్స్ ఊడగొడితే ఇటుక ముక్కలు, సున్నం, మట్టి. అవి ఎత్తిపోశాక మసిపట్టిన పెద్ద ఇటుక కమాను, నేను వంగి లోపల నిలబడేంత. గొట్టంలోంచి ఒక బస్తా నిండా ఎండుపుల్లలు పడ్డాయి. ఇక్కడ జాక్‌డా అనే చిన్న కాకి ఉంది, పొగగొట్టమే దాని ఇల్లు.

కాకి గూడు, పగిలిన ఇటుక, పాత సున్నం ఉన్న గొట్టంలో సరాసరి నిప్పు పెట్టకూడదు. స్టెయిన్‌లెస్ స్టీలు లైనరు దించుతారు. కప్పు మీద ఒకడు, గదిలో ఒకడు. లైనరు మూతికి తాడు కట్టి కిందివాడు లాగుతుంటే పైవాడు తోస్తాడు. వంకర దగ్గర ఆగినప్పుడు ఇద్దరూ గొట్టంలోంచే మాట్లాడుకుంటారు. మాది ఐదు కిలోవాట్ల పొయ్యి. అంతకు మించితే పాత ఇంటికైనా గోడకు శాశ్వతంగా గాలి కన్నం ఉండాలి. పొయ్యి కింద కాలని పలక, అది తలుపు ముందుకు కనీసం 225 మి.మీ. చాచి ఉండాలి. పైన గదిలో కనబడే ఒంటిపొర గొట్టానికి, కాలే వస్తువుకు మధ్య గొట్టం వ్యాసానికి మూడింతల దూరం. పైకప్పు కర్రలకు గొట్టం వేడి రోజూ కొంచెం కొంచెం తగిలితే ఏళ్ల తర్వాత ఒకరోజు అవే అంటుకుంటాయి.

పని అయ్యాక పొగ పరీక్ష. మన ఇళ్లకు ఇది ముఖ్యం. తాలింపు ఘాటు పోవడానికి మనం వంటింట్లో పెద్ద ఫ్యాను పెట్టిస్తాం. అది ఇంట్లో గాలినంతా బయటికి తోడేస్తే, ముందు గదిలో పొయ్యి పొగ పైకి పోవాల్సింది వెనక్కి గదిలోకి వస్తుంది. అందుకని తలుపులు, కిటికీలు మూసి, ఫ్యాను పూర్తి జోరులో పెట్టి పొగబిళ్ల వెలిగించి చూడమని పట్టుబట్టండి. అడక్కపోతే ఫ్యాను సంగతి వాళ్లకు తట్టకపోవచ్చు. కార్బన్ మోనాక్సైడ్ అలారం చట్టప్రకారం తప్పనిసరి, పొయ్యికి ఒకటి నుంచి మూడు మీటర్ల దూరంలో. ఆ వాయువుకు రంగు లేదు, వాసన లేదు. తలనొప్పి, వికారం జలుబు జ్వరంలాగే మొదలవుతాయి.

తర్వాత కట్టెలు. 2021 మే నుంచి ఇంగ్లండులో రెండు ఘనపు మీటర్లకు తక్కువగా అమ్మే కట్టెల్లో తేమ 20 శాతం లోపు ఉండాలి. పచ్చికట్టె కాలదు, ఉడుకుతుంది. ఆ ఆవిరి గొట్టంలో చల్లబడి తారులా అతుక్కుంటుంది, ఒకరోజు ఆ తారు రైలులా హోరుమంటూ అంటుకుంటుంది. అప్పుడు నీళ్లు పోయకూడదు. పొయ్యికి గాలి దారులన్నీ మూసి, అందరూ బయటికొచ్చి 999కి ఫోన్ చేయాలి. తేమ చూడాలంటే కట్టెను కొత్తగా చీల్చి లోపలి ముఖం మీద మీటరు గుచ్చాలి, పైపైన గుచ్చితే అబద్ధం చెబుతుంది. ఓక్ మొద్దు చీల్చి నీడలో పేర్చినా రెండేళ్లకు గాని ఆరదు. భోగి మంటలో వేసినట్టు రంగు వేసిన పాత కుర్చీ, మందు పట్టించిన కంచె చెక్క ఇందులో వేయకూడదు. సీసం, ఆర్సెనిక్ లాంటివి పొగలో లేస్తాయి.

ముట్టించడం మనం నేర్చుకున్నదానికి తలకిందులు. లావు కట్టెలు అడుగున, చిదుగులు పైన, నిప్పు అన్నిటికన్నా పైన. మంట కిందికి దిగుతుంటే కట్టెల్లోంచి లేచే పొగ ఆ మంటలోంచే పోతూ కాలిపోతుంది. రాత్రంతా నిలవాలని గాలి బిగించి పడుకోవడం అన్నిటికంటే చెడ్డ అలవాటు. తారు, విషవాయువు రెండూ అప్పుడే పుడతాయి. పొద్దున తీసే బూడిద నివురుగప్పిన నిప్పే, మూతున్న ఇనుప డబ్బాలో పోసి ఆరుబయట పెట్టాలి.

ఇంత చేసినా వివాదం తీరలేదు. 1970ల చమురు సంక్షోభంలో నార్వే, డెన్మార్క్ పొయ్యిలు ఇక్కడికి ఎగబడి వచ్చాయి. 2022లో గ్యాస్ బిల్లులు పెరిగినప్పుడు మళ్లీ కొన్నారు. అదే ఏడాది ఇంగ్లండు ప్రధాన వైద్యాధికారి నివేదిక, కొత్త ప్రమాణాల పొయ్యి కూడా గ్యాస్ కన్నా వందల రెట్లు సన్నని ధూళి వదులుతుందని చూపించింది. స్కాట్లండ్ 2024లో కొత్త ఇళ్లలో కట్టెల పొయ్యిలు వద్దని, అదే ఏడాది చివర్లో మాట వెనక్కి తీసుకుంది. పొగ నియంత్రణ పేటల్లో పొగ కనబడితే ఇంగ్లండులో 175 నుంచి 300 పౌండ్ల దాకా జరిమానా వేయొచ్చు. ఇంట్లో గ్యాస్ హీటింగ్ ఉండి కూడా సాయంత్రం సరదాకి మంట పెట్టుకునేవాళ్లలో నేనూ ఒకణ్ని. పక్కింటి పసివాడికి ఉబ్బసం ఉంటే నాకు ఆ సరదా చెల్లదనే అనుకుంటాను. అద్దం తలుపు రాజీయే. నిప్పును మూయమన్న చట్టానికీ, కనబడాలన్న మనసుకూ మధ్య పెట్టిన అద్దం అది. గొట్టం పైకొస నుంచి వచ్చేదానికి మాత్రం ఏ అద్దమూ అడ్డం లేదు.

అరకులో అతిథుల కోసం చెక్క గదులు కడుతున్న ఒక మిత్రుడు అలాంటిది అక్కడ పెట్టొచ్చా అని అడిగాడు. డిసెంబరు చలికి మంచి ఆలోచనే. కానీ కట్టెలు వానాకాలానికి ముందే చీల్చి రేకుల కప్పు కింద పెట్టాలి, గొట్టం చెక్క కప్పును దాటే చోట రెండు పొరల గొట్టమే వాడాలి, ఏడాదికోసారి బ్రష్ ఎక్కించే మనిషిని తనే తయారుచేసుకోవాలి. ప్రస్తుతం అతను చలి రాత్రుల్లో గదుల్లో బొగ్గుల కుంపట్లు పెట్టించి తలుపులు మూయిస్తున్నాడు. ముందు అవి మాన్పించి, గదికో అలారం కొనమన్నాను. పొయ్యి బేరం ఆ తర్వాత.