కాగితపు కండెన్సరు స్థానమున ఏమి వచ్చినది?

పాత వాల్వు రేడియో ఒకటి అటకమీద దొరికినచో, వెంటనే ప్లగ్గు తగిలించి పాట వినవలెననిపించును. అట్లు చేయరాదు. దానిలోపల మైనము పూసిన చిన్న గొట్టములవలె కనబడు కాగితపు కండెన్సరులు తరచుగా చెడియుండును. కండెన్సరునే నేడు కెపాసిటరు అనుచున్నాము.

రెండు లోహపు రేకుల నడుమ విద్యుత్తును పోనీయని రోధకమును ఉంచినచో కండెన్సరు అగును. 1745లో పొమరేనియాలో ఫాన్ క్లయిస్టు, 1746లో లైడెను నగరమున ముషెన్‌బ్రూక్ గాజుపాత్రతో దీనిని కనుగొనిరి. 1876లో ఫిట్జ్‌జెరాల్డు మైనములో తడిపిన కాగితమును రేకులతో కలిపి చుట్టు పద్ధతికి పేటెంటు పొందెను. ఇది చౌక. రేడియోలు వచ్చిన పిమ్మట ఇట్టివి లక్షలకొలది తయారైనవి. కాని కాగితము స్వభావముచేత తేమను పీల్చును. ఎంత మైనము పట్టించినను ఏండ్లు గడచినకొలది తేమ లోనికి చొచ్చి, రోధకము కొద్దికొద్దిగా విద్యుత్తును పోనిచ్చును.

ఈ 'కొద్ది' ఎంత హాని చేయునో విద్యార్థులు లెక్క వేసి చూడవచ్చును. ఒక వాల్వు ప్లేటువద్ద 100 వోల్టులున్నవనుకొందము. అక్కడినుండి ధ్వనిసంకేతమును మాత్రమే తరువాతి వాల్వు గ్రిడ్డునకు పంపుట కండెన్సరు పని. గ్రిడ్డునుండి భూమికి 5 లక్షల ఓముల నిరోధము కలదు. కండెన్సరు లీకేజి నిరోధము 1 కోటి ఓములైనచో, గ్రిడ్డుమీద పడు వోల్టేజి 100 × 5 ÷ 105, అనగా సుమారు 4.8 వోల్టులు. ఇ.ఎల్.84 వంటి వాల్వు గ్రిడ్డు కాథోడుకంటె సుమారు 7 వోల్టులు తక్కువగా ఉండవలెను. ఆ ఋణవోల్టేజిలో చాలభాగము ఇట్లు పోయినచో వాల్వులో ప్రవాహము మితిమీరును. కోటి ఓములనగా ఎంతో గొప్ప నిరోధమని మనకు తోచును, చిన్న బ్యాటరీ గల మీటరుకును అట్లే తోచును! మా ప్రయోగశాలలో ఒక రేడియోను బాగుచేయునపుడు, మీటరులో కెపాసిటీ సరిగానే ఉన్నదని నమ్మి పాతదానిని నేనే వదలితిని. పావుగంటలో ప్లేటు ఎఱ్ఱబడినది.

కాగితమునకు బదులు దొరికిన పదార్థము బట్టలకొరకు పుట్టినది. 1941లో ఇంగ్లండులో అద్దకపు బట్టల సంఘమొకదానిలో పనిచేయుచుండిన విన్‌ఫీల్డు, డిక్సను పాలియెస్టరును తయారుచేసిరి. దాని నూలే టెరిలీను; మన పెద్దలు టెర్లిన్ చొక్కాయని మురిసినది దానినే. అదే పదార్థమును పలుచని పొరగా సాగదీసి, 1950ల దశకమున డ్యూపాంటు కంపెనీ మైలారు అను పేర అమ్మినది. తేమను అది కాగితమువలె పీల్చదు. 1954లో ఇటలీలో నట్టా క్రమబద్ధమైన పాలిప్రొపిలీనును రూపొందించెను. 1963లో జీగ్లరుతోపాటు ఆయనకు నోబెలు బహుమతి లభించినది.

పాలిప్రొపిలీనులో శక్తినష్టము పాలియెస్టరులో కంటె పదవవంతుకన్న తక్కువ. కాని దాని రోధక స్థిరాంకము 2.2 మాత్రమే, పాలియెస్టరుకు 3.2 ప్రాంతము. కావున అంతే కెపాసిటీకి కొంత లావైన కండెన్సరు కావలెను. పాలిస్టైరీను కూడ మంచిదే, కాని సోల్డరింగు వేడికి కరగును.

పాతదానిపై 0.05 మైక్రోఫారడు అని ఉన్నచో నేడు దొరకు 0.047 చాలును, పాతవాని కొలతలే 20 శాతము అటునిటు ఉండెడివి. 400 వోల్టుల దానికి 630 వోల్టులది పెట్టుట మేలు. పైన చెప్పిన గ్రిడ్డు పనికి పాలియెస్టరు చాలునని నా అభిప్రాయము. ఖరీదైన కండెన్సరుతో స్వరము మధురమగునని వాదించువారు కలరు. లీకేజి పోయినందువలన కలిగిన మేలును వారు ఖరీదునకు కట్టబెట్టుచున్నారని నా అనుమానము.

మెయిన్సు తీగనుండి చట్రమునకు కలిపిన కండెన్సరు సంగతి వేఱు. అది షార్టయినచో చట్రమును తాకినవారికి ప్రాణాపాయము. అచ్చట 'వై' తరగతి గుర్తు గలదానినే వాడవలెను. సామాన్య ఫిల్ము కండెన్సరు, ఎన్ని వోల్టులదైనను, తగదు.