మాంద్యం ఎవరి మీద పడింది? విశాఖపట్నం రేవు, ఉక్కు కార్మికుల చరిత్ర

విశాఖపట్నం ఆధునిక చరిత్రను సాధారణంగా నిర్మాణాల వరుసలో చెప్పుకొంటారు: 1933లో ఓడరేవు, 1941లో శంకుస్థాపన జరిగిన నౌకా నిర్మాణ కేంద్రం, 1957లో కాల్టెక్స్ చమురు శుద్ధి కర్మాగారం, 1976లో ఔటర్ హార్బర్, 1992లో జాతికి అంకితమైన ఉక్కు కర్మాగారం. ఇదే వరుసను శ్రామికుల వైపు నుంచి చూస్తే మరో సంగతి బయటపడుతుంది. వీటిలో రేవు, ఔటర్ హార్బర్, ఉక్కు కర్మాగారం అనే మూడూ సరుకుకు గిరాకీ పెరుగుతుందన్న నమ్మకం బలంగా ఉన్న రోజుల్లో తలపెట్టినవి, ఆ గిరాకీ దెబ్బతిన్న రోజుల్లో పనిలోకి వచ్చినవి. ఉత్పత్తి, అమ్మకాలు, పెట్టుబడి ఒకదాని వెంట ఒకటి తగ్గిపోయి పని దొరకడమే కష్టమయ్యే కాలాన్ని మాంద్యం అంటారు. ముడిచమురు ధర ఒక్కసారిగా ఎగబాకి, దిగుమతులపై ఆధారపడ్డ దేశాల ధరలనూ వేతనాలనూ తలకిందులు చేసే పరిస్థితికి ఆయిల్ షాక్ అని పేరు. ఈ రెండూ విశాఖకు ఎప్పుడూ బయటి నుంచి, ఓడల మీదుగానే వచ్చాయి. అవి వచ్చిన ప్రతిసారీ బరువు ఎవరి మీద పడాలన్నది మాత్రం ఇక్కడే, హాజరు పట్టీల్లో తేలింది.

1930 నాటికి విశాఖపట్నం జిల్లా కూలీకి దొరికే పనిలో పెద్ద భాగం జిల్లాలో లేదు. బంగాళాఖాతానికి ఆవలి ఒడ్డున, రంగూన్‌లో ఉండేది. గోపాల్‌పూర్, కళింగపట్నం, భీమునిపట్నం, విశాఖపట్నం, కాకినాడ తీరాల నుంచి స్టీమర్లెక్కి వెళ్లిన తెలుగువారు అక్కడి రేవులో బియ్యం బస్తాలు ఓడలకెత్తేవారు, మిల్లుల్లో పనిచేసేవారు, రిక్షాలు లాగేవారు. బర్మాలో వారిని కోరంగీలని పిలిచేవారు. 1931 జనాభా లెక్కల ప్రకారం సుమారు నాలుగు లక్షల జనమున్న రంగూన్‌లో సగానికి పైగా భారతీయులే. కూలీని ఊళ్లో కూడగట్టి, ప్రయాణానికి బయానా ఇచ్చి, అక్కడ బస చూపి, కూలిలోంచి ఆ అప్పును కోసుకునే వ్యక్తి మేస్త్రీ. కూలీకీ ఓడ కంపెనీకీ నడుమ ఏ ఒప్పందమూ ఉండేది కాదు. ఉన్నదల్లా మేస్త్రీ పుస్తకంలోని పద్దు. ఓడలు తగ్గితే కంపెనీకి నష్టం తగ్గేది గానీ కూలీకి అప్పు తగ్గేది కాదు. ఈ ఏర్పాటులోని అన్యాయమంతా ఆ ఒక్క పద్దులో ఉంది.

1930 మే నెలలో రంగూన్ రేవులోని తెలుగు కూలీలు కూలి పెంచమని సమ్మె కట్టారు. స్టీవడోర్లు, అంటే ఓడలోకి సరుకు ఎక్కించి దించే పనిని గుత్తకు పట్టే సంస్థలు, వారి స్థానంలో పని కోసం వెతుక్కుంటున్న బర్మీయులను పెట్టాయి. సమ్మె పరిష్కారమై పాత కూలీలు తిరిగి రాగానే కొత్తవారిని పొమ్మన్నారు. మే 26న మొదలైన కొట్లాటలో వందమందికి పైగా చనిపోయారు. వారిలో అత్యధికులు భారతీయులు. జాతి వైరంగా చరిత్రకెక్కిన ఈ ఘటనకు మూలం ఒకే ఓడ మీది పని కోసం ఇద్దరు పేదలు పోటీపడవలసి రావడమే. ఆ తరువాతే అసలు దెబ్బ తగిలింది. ప్రపంచ మాంద్యంతో బియ్యం ధర కూలిపోయింది, బర్మా రైతుల భూములు అప్పుల కింద భారతీయ వడ్డీ వ్యాపారులైన చెట్టియార్ల చేతుల్లోకి పోయాయి, 1930 డిసెంబరులో సయా సాన్ నాయకత్వాన మొదలైన రైతు తిరుగుబాటు కాలంలో భారతీయులపై దాడులు పల్లెలకు పాకాయి. తెలుగు కూలీలు గుంపులుగా ఓడలెక్కి వెనక్కి వచ్చారు. 1941 నాటి భారత-బర్మా వలస ఒప్పందం ఆ దారిని ఇరుకు చేసింది, 1942 నాటి జపాన్ దండయాత్ర మూసేసింది. అయినా అక్కడే ఉండిపోయిన కుటుంబాల్లో చాలా 1960ల్లో కాందిశీకులుగా తిరిగి వచ్చాయి. కంచరపాలెంలో బర్మా క్యాంపు అనే పేటకు ఆ పేరు వచ్చింది వారివల్లనే.

రంగూన్ దారి మూసుకుపోతున్న ఆ ఏళ్లలోనే విశాఖలో డాల్ఫిన్స్ నోస్ కొండ చాటున ఉప్పుటేరును తవ్వి రేవును కట్టారు. అంతకుముందు ఓడలు దూరంగా లంగరు వేసుకుంటే, పలకలను తాళ్లతో కుట్టిన మసూలా పడవలు అలలను దాటుకుంటూ సరుకు చేరవేసేవి. కొత్త రేవును బెంగాల్ నాగపూర్ రైల్వే కట్టించింది. దాని ప్రధాన ఉద్దేశం సెంట్రల్ ప్రావిన్సుల మాంగనీసు ఖనిజాన్ని దగ్గరి దారిలో సముద్రానికి చేర్చడం. ఆ ఖనిజం కోసం వేసిన రాయపూర్-విజయనగరం రైలు మార్గం 1931లో పూర్తయింది. 1933 అక్టోబరు 7న సింధియా కంపెనీ వారి జలదుర్గ మొదటి ఓడగా రేవులోకి వచ్చింది, డిసెంబరు 19న వైస్రాయ్ విల్లింగ్డన్ లాంఛనంగా ప్రారంభించాడు. అప్పటికి ఐరోపా, అమెరికాల ఉక్కు కొలిముల్లో సగం చల్లబడ్డాయి, మాంగనీసు అడిగేవారు లేరు. 1932లో దేశంలో తవ్విన మాంగనీసు 1930లో తవ్వినదానిలో మూడో వంతు కూడా లేదు. ఏ సరుకు కోసం రేవు కట్టారో ఆ సరుకే కరువైన రేవులో కళాసీల, అంటే ఓడల సరుకు మోసే కూలీల, బతుకు రోజుకూలీగానే మొదలైంది. ఓడ వస్తే పిలుపు, లేకపోతే లేదు.

ఈ స్థితిని మార్చింది ఏ ధర్మబుద్ధీ కాదు, 1948లో వచ్చిన డాక్ కార్మికుల ఉపాధి క్రమబద్ధీకరణ చట్టం. దాని వెనుక దేశంలోని రేవుల్లో సాగిన సంఘాల పోరాటం ఉంది. ఆ చట్టం కింద 1959లో విశాఖపట్నం డాక్ లేబర్ బోర్డు ఏర్పడింది. ఏర్పాటు ఇలా నడిచేది: కళాసీ పేరు బోర్డు జాబితాలో ఉంటుంది; షిఫ్టుకు ముందు హాజరు కార్డుతో బుకింగ్ దగ్గరికి వస్తాడు; ఓడ ఉంటే అతని జట్టుకు ఫలానా ఓడ, ఫలానా హాచ్ (సరుకు అర ద్వారం) అని పని పడుతుంది; ఓడ లేకపోతే వచ్చినందుకు కార్డు మీద గుర్తు పడి హాజరు భత్యం దక్కుతుంది. నెలకు ఇన్ని రోజుల కూలికి హామీ కూడా ఉండేది. ఈ ఖర్చును స్టీవడోర్లు కట్టే లెవీ భరించేది. అంతకుముందు ఓడ రాని రోజు నష్టమంతా కూలీదే. ఆ తరువాత దానిలో కొంత యజమానులది కూడా అయింది. విశాఖ శ్రామిక చరిత్రలో ఇంతకంటె పెద్ద మార్పు లేదు. జాబితాకు వెలుపల మిగిలినవారికి ఈ మార్పు అందలేదన్నది కూడా అంతే నిజం. రేవు పెరిగేకొద్దీ వారి సంఖ్యా పెరుగుతూ వచ్చింది.

1973 అక్టోబరుకు ముందు పీపా మూడు డాలర్ల చుట్టూ ఉన్న ముడిచమురు 1974 జనవరికి 11.65 డాలర్లయింది. 1974-75లో దేశంలో టోకు ధరలు అంతకుముందటి ఏడాది కంటె సుమారు 25 శాతం పెరిగాయి. కరువు భత్యం, అంటే ధరల సూచీ పెరిగినప్పుడల్లా వేతనానికి కలిసే మొత్తం, ఉద్యోగులకు గొడుగుగా ఉండేది. ధరల పెరుగుదలను అదుపు చేయాలన్న ఉద్దేశంతో 1974 జూలైలో కేంద్రం ఆ గొడుగును సగం మూసింది: పెరిగిన జీతం మొత్తాన్నీ, అదనపు కరువు భత్యంలో సగాన్నీ నిర్బంధంగా జమ చేయించింది. పోర్టు, రైల్వే, షిప్‌యార్డు వంటి సంస్థల ఉద్యోగికి ఆ సొమ్ము తరువాత వడ్డీతో వాయిదాల్లో తిరిగి వచ్చింది. కరువు భత్యమే లేని రోజుకూలీ వద్ద జమ చేయడానికి ఏమీ లేదు. బియ్యం, కిరసనాయిలు ధర పెరిగినంత మేరా అతని కూలి తగ్గినట్టే. ఆ ఏడాది మే 8 నుంచి ఇరవై రోజుల పాటు దేశమంతటా సాగిన రైల్వే సమ్మె ఈ ధరల మంటలోంచి పుట్టిందే. ప్రభుత్వం దాన్ని వేల అరెస్టులతో అణచివేసింది.

విశాఖపై ఆయిల్ షాక్ ప్రభావాన్ని పెట్రోలు ధరలో వెతకడం పొరపాటు. అది ఇక్కడికి జపాన్ చుట్టి వచ్చింది. బస్తర్‌లోని బైలడిల్లా కొండల ఇనుప ఖనిజాన్ని జపాన్ ఉక్కు కంపెనీలకు అమ్మడానికే 1960ల్లో కొత్తవలస-కిరండూల్ రైలు మార్గం వేశారు. 1965లో ఇన్నర్ హార్బర్‌లో యంత్రాలతో ఖనిజం నింపే ఏర్పాటు వచ్చింది. ఇంకా పెద్ద ఓడలు కావాలని జపాన్ కోరడంతో లక్ష టన్నులు దాటిన ఓడలు నిలిచేలా ఔటర్ హార్బర్ తలపెట్టారు. అయితే చమురంతా దిగుమతి చేసుకునే జపాన్‌లో 1973లో సుమారు 12 కోట్ల టన్నులకు చేరిన ఉక్కు ఉత్పత్తి అక్కడి నుంచి వెనక్కి తగ్గి, ఆ దశాబ్దంలో మళ్లీ ఆ మెట్టు ఎక్కలేదు. ఔటర్ హార్బర్ తెరుచుకున్నది 1976లో. రేవులో దీని దెబ్బ ఎక్కువమందికి కనపడలేదు, ఎందుకంటే కన్వేయరు బెల్టు మీద నడిచే పనిలో మనుషులు అప్పటికే తక్కువ. దెబ్బ రైలు మార్గం వెంట వెనక్కి ప్రయాణించి, నాలుగు వందలకు పైగా కిలోమీటర్ల అవతల, సుత్తులతో రాయి పగలగొట్టి ఖనిజం తీసే కాంట్రాక్టు కార్మికులను తాకింది. గిరాకీ తగ్గిందన్న కారణంతో, యంత్రాల గనులు ఉండగా చేతిపని గనులు అక్కర్లేదన్న లెక్కతో వేలమందిని తొలగించబూనగా వారు ఆందోళనకు దిగారు. 1978 ఏప్రిల్ 5న కిరండూల్‌లో పోలీసులు కాల్పులు జరిపారు. అధికారిక లెక్క ప్రకారమే పదిమంది కార్మికులు చనిపోయారు, గుడిసెలు తగలబడ్డాయి. విశాఖ రేవు చరిత్ర రాసేవారు ఈ కాల్పులను బస్తర్ చరిత్రగా పక్కన పెట్టడం సరికాదు. ఆ కార్మికులు తీసిన ఖనిజం విశాఖకే వచ్చేది, వారి పని పోవడానికి కారణమూ విశాఖ నుంచి ఓడలు వెళ్లే దేశంలోనే ఉంది.

అదే దశాబ్దంలో ఉక్కు కర్మాగారానికి నిధులు రాలేదు. కర్మాగారం కోసం సాగిన 1966 నాటి ఆందోళనలో 32 మంది ప్రాణాలు పోయాక, 1970లో ప్రకటన వెలువడింది, 1971 జనవరి 20న ఇందిరాగాంధీ శంకుస్థాపన చేశారు. తరువాత యుద్ధం, కరువు, చమురు బిల్లు ఒకదాని మీద ఒకటి పడి ప్రణాళిక డబ్బును తినేశాయి. సోవియట్ యూనియన్‌తో ఒప్పందం 1979లో గానీ కుదరలేదు, కర్మాగారాన్ని నడిపే సంస్థ రాష్ట్రీయ ఇస్పాత్ నిగమ్ 1982లో గానీ ఏర్పడలేదు. భూసేకరణ మాత్రం ఆగలేదు. పొలాలు, జీడితోటలు ఇచ్చేసిన కుటుంబాలు అగనంపూడి, వడ్లపూడి, పెదగంట్యాడ పునరావాస కాలనీల్లో ఉద్యోగం కోసం కాచుకున్నాయి. నిర్వాసిత కుటుంబానికి ఉద్యోగార్హత కల్పించే పత్రాన్ని ఆర్-కార్డు అంటారు. ఇంటికొక ఉద్యోగమని నమ్మిన ఆ కార్డుల్లో చాలావాటికి, వయసు దాటిపోయి కొడుకుల తరం వచ్చాక కూడా, పిలుపు రాలేదు. నిరుద్యోగ గణాంకాలకు చిక్కని నష్టం ఇది: ఉన్న పని పోవడం కాదు, రావలసిన పని ఇరవై ఏళ్లు వెనక్కి జరగడం.

ఆలస్యం అప్పుగా మారింది. 1981 ధరల్లో 3,897 కోట్ల రూపాయలుగా వేసిన అంచనా పూర్తయ్యేసరికి 8,500 కోట్లు దాటింది. 1990 ఆగస్టులో ఇరాక్ కువైట్‌ను ఆక్రమించింది. చమురు ధర రెట్టింపై, కువైట్ నుంచి లక్షకు పైగా భారతీయులు ఉన్నపళంగా ఇళ్లకు చేరి, దేశపు విదేశీ మారకం అడుగంటి, 1991 జూలైలో రూపాయి విలువను తగ్గించవలసి వచ్చింది. కొలిమికి కావలసిన కోకింగ్ బొగ్గులో ఎక్కువ భాగాన్ని విదేశాల నుంచి కొనే విశాఖ కర్మాగారానికి దానితో ఖర్చు పెరిగింది. 1992 జనవరిలో ఉక్కు ధరపై, పంపిణీపై ప్రభుత్వ నియంత్రణ తొలగింది. దిగుమతి సుంకాలు ఏటేటా తగ్గాయి. ఆ ఏడాది ఆగస్టు 1న పి.వి. నరసింహారావు కర్మాగారాన్ని జాతికి అంకితం చేశారు. పాత ఉక్కు కర్మాగారాలకు నిలదొక్కుకోవడానికి దొరికిన రక్షిత మార్కెట్ దీనికి పుట్టుకతోనే లేదు. నష్టాలకు కార్మికుల పనితీరును కారణంగా చూపే వాదన ఈ క్రమాన్ని పట్టించుకోదు. 1993లోను, 1998లోను అప్పులను మూలధనంగా మార్చారు, 2002-03లో ప్రపంచ ధరలు కోలుకోగానే అవే కొలుములు, అదే కార్మికులు లాభాలు తెచ్చారు.

1990ల తరువాత దెబ్బ పడే తీరు మారింది. ప్రభుత్వ రంగ సంస్థల్లో స్వచ్ఛంద పదవీ విరమణ పథకాలు వచ్చాయి. ఖాళీ అయిన స్థానాల్లో శాశ్వత నియామకాలు తగ్గి, పని కాంట్రాక్టుకు పోయింది. డాక్ లేబర్ బోర్డు 2008లో పోర్టు ట్రస్టులో విలీనమైంది. 1970 నాటి కాంట్రాక్టు లేబర్ చట్టం నిత్యం సాగే పనిలో కాంట్రాక్టును నిషేధించే వీలు ప్రభుత్వానికి ఇచ్చినా, కోక్ ఓవెన్ల దగ్గరి పని మొదలుకొని రవాణా, శుభ్రత దాకా వేలమంది కాంట్రాక్టు కార్మికులే చేశారు.

2022లో రష్యా-యుక్రెయిన్ యుద్ధంతో కోకింగ్ బొగ్గు ధర టన్ను 600 డాలర్లు దాటినప్పుడు, సొంత ఇనుప గని లేక ఖనిజాన్ని కూడా బజారు ధరకు కొనే విశాఖ ఉక్కు తట్టుకోలేకపోయింది. అప్పటికే 2021 జనవరి 27న కేంద్ర మంత్రివర్గ సంఘం నూరు శాతం వాటా అమ్మకానికి సూత్రప్రాయంగా ఆమోదం తెలిపింది. కూర్మన్నపాలెం కూడలిలో రిలే నిరాహార దీక్షలు ఏళ్ల తరబడి సాగాయి. 2025 జనవరిలో 11,440 కోట్ల రూపాయల పునరుద్ధరణ ప్యాకేజీ వచ్చింది. శాశ్వత ఉద్యోగులకు జీతాలు ఆలస్యమయ్యాయి, కొందరు స్వచ్ఛంద విరమణ తీసుకున్నారు. కాంట్రాక్టు కార్మికులకు మాత్రం తొలగింపు ఉత్తర్వు కూడా అక్కర్లేదు: కర్మాగారంలోకి రానిచ్చే గేటు పాసును రద్దు చేస్తే చాలు, ఉద్యోగం పోయినట్టే. ప్యాకేజీ ప్రకటించిన ఆ ఏడాదే వేలాది పాసుల మీద వివాదం రేగి, కాంట్రాక్టు కార్మికులు సమ్మెకు దిగారు. వారిలో ఆర్-కార్డు కుటుంబాలవారూ ఉన్నారు.