గట్టి రాయికి మెత్తని రంపం

మనలో కొంచెం వయసు మళ్ళినవారికి గుర్తుండే ఉంటుంది. ఊళ్ళో మధ్యాహ్నపు వేళ "రోళ్ళకు, తిరగళ్ళకు కక్కు కొడతాం" అని కేక వేసుకుంటూ ఒక మనిషి వచ్చేవాడు. తిరగలి ఏళ్ళ తరబడి విసరగా విసరగా నున్నబడిపోతుంది. నున్నబడిన రాయి ఎంత బరువుదైనా గింజను నలపదు. అప్పుడు ఆ మనిషి అరుగు మీద కూర్చుని, ఉలితో రాతి ముఖమంతా గరుకు చేసి, నాలుగు డబ్బులు పుచ్చుకొని పోయేవాడు. ఈనాడు ఆస్ట్రేలియాలో మన వంటింటికి గ్రానైటు పలక వేయించుకొంటున్నామంటే, దాన్ని ఏ రంపంతో కోయాలి అన్న ప్రశ్నకు జవాబు ఆ కక్కు కొట్టేవాని దగ్గరే ఉన్నది. అదెలాగో చెప్పాలంటే కొంత వెనక్కు వెళ్ళాలి.

కర్రను రంపం పళ్ళతో కోస్తుంది. గట్టి రాతి దగ్గర ఆ పళ్ళు పనికిరావు, అరగదీయడమే మార్గం. 1812లో ఫ్రెడరిక్ మోస్ అనే జర్మన్ శాస్త్రజ్ఞుడు ఖనిజాలను ఏది దేన్ని గీరగలదో చూచి వరుస పెట్టాడు. పాలరాతిలోని కాల్సైటుకు 3, గ్రానైటులోని ఫెల్స్‌పారుకు 6, క్వార్ట్జుకు 7, వజ్రానికి 10. ఈ లెక్కన రాగి 3 దగ్గర ఆగిపోతుంది. అయినా సుమారు 4,500 ఏళ్ళ క్రిందట ఈజిప్టువారు రాగి రంపాలతోనే గ్రానైటును కోశారు. గిజాలోని మహా పిరమిడ్‌లో ఖుఫూ రాజు శవపేటిక మీద ఆ కోత గుర్తులు ఈనాటికీ కనబడతాయి. రహస్యం ఏమిటంటే, కోసింది రాగి కాదు, దాని కింద పోసిన ఇసుక. ఇసుక అంటే క్వార్ట్జే కదా! మెత్తని రాగిలో ఇసుక రేణువులు దిగబడి, పంటికి మారుగా పనిచేశాయి. రాగి వాటిని పట్టుకొని ఉన్నది, అంతే. రాయితో పాటు రాగి కూడా అరిగింది. ఈ సంగతి మనస్సులో పెట్టుకోవాలి.

మన దేశంలో గట్టి రాతిని కోయడం కంటే చీల్చడమే ఎక్కువ. వడ్డెర పనివారు బండను సుత్తితో తట్టి, చప్పుడును బట్టి పొర ఎటు ఉన్నదో చెప్పగలరు. ఆ వరుసలో గుంటలు తొలిచి, ఇనుప చీలలు దిగగొడితే, ఏనుగంత బండ గీత గీసినట్టు విచ్చుకొంటుంది. ఏ పనికి ఏ రాయి అన్నదీ వారికి బాగా తెలుసు. కాకతీయ గణపతిదేవుని కాలంలో, 1213లో రేచర్ల రుద్రుడు పాలంపేటలో కట్టించిన రామప్ప గుడిని చూడండి. గోడలకు ఎర్రని ఇసుకరాయి. మదనికల బొమ్మలకు మాత్రం కటిక నలుపు డోలరైటు. చెక్కడానికి కష్టమైనా, చెక్కిన నగ సన్నదనం, మెరుపు పోకుండా నిలబడాలంటే గట్టి రాయే కావాలి. ఆ గుడిని 2021లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది.

మనం వచ్చి స్థిరపడిన ఈ దేశానికీ ఇలాంటి కథ ఉన్నది. సిడ్నీలో పిర్మాంట్ దగ్గర 19వ శతాబ్దంలో ఇసుకరాయి గనులు ఉండేవి. అక్కడి స్కాట్లండు పనివారు రాయి ఎంత లొంగుతుందన్నదాన్ని బట్టి వాటికి స్వర్గం, ప్రక్షాళన లోకం, నరకం అని అర్థం వచ్చే పేర్లు పెట్టుకొన్నారు: పారడైజ్, పర్గెటరీ, హెల్‌హోల్. తరువాత హార్బర్ బ్రిడ్జి స్తంభాలకు తొడిగిన గ్రానైటును దక్షిణాన సుమారు 300 కిలోమీటర్ల దూరంలోని మొరూయలో తీసి, ఓడల మీద తెచ్చారు. ఆస్ట్రేలియా, స్కాట్లండు, ఇటలీలకు చెందిన సుమారు 250 మంది రాతి పనివారు అక్కడే ఒక ఊరు కట్టుకొని ఆ పని చేశారు. 1932లో తెరిచిన ఆ వంతెన మీదుగా మనం ఎన్నిసార్లు కారులో పోయి ఉంటాం!

ఇసుక స్థానంలో వజ్రం రావడంతో పని స్వరూపం మారిపోయింది. వజ్రం అనగానే మనకు కృష్ణ ఒడ్డున కొల్లూరు గని గుర్తుకు వస్తుంది. 17వ శతాబ్దంలో ఫ్రెంచి వ్యాపారి తావెర్నియే అక్కడ సుమారు 60,000 మంది పనిచేస్తున్నారని వ్రాశాడు. రాజుల కిరీటాలకు పోయిన ఆ జాతి రాళ్ళు వేరు, రంపానికి పనికివచ్చే రంగు చెడిన పిప్పి వజ్రం వేరు. 19వ శతాబ్దం చివర ఫ్రాన్సులో అటువంటి వజ్రపు ముక్కలను ఉక్కు చక్రాల అంచున బిగించి రాతిని కోయడం మొదలుపెట్టారు. అయితే అది ధనవంతుల పనిముట్టు. 1954 డిసెంబరులో అమెరికాలో జనరల్ ఎలక్ట్రిక్ కంపెనీలో ట్రేసీ హాల్ కృత్రిమ వజ్రం తయారుచేశాడు. 1955 ఫిబ్రవరిలో ఆ సంగతి లోకానికి తెలిసింది. ఆ పైన వజ్రపు రంపం క్రమంగా మామూలు మేస్త్రీ చేతికి కూడా వచ్చింది.

ఇక ఎంపిక సంగతి. ఇప్పటి డైమండ్ బ్లేడు ఉక్కు చక్రమే గాని, దాని అంచున వజ్రపు నలుసులను కోబాల్టు, కంచు, ఇనుము వంటి లోహపు పొడితో కలిపి, కాల్చి అతికిస్తారు. ఆ లోహానికి బాండ్ అని పేరు. కొత్తగా కొనేవారు గట్టి రాతికి గట్టి బాండ్ కావాలనుకొంటారు. సంగతి దానికి సరిగ్గా తలకిందులు. గట్టి గ్రానైటు మీద వజ్రపు నలుసు త్వరగా మొద్దుబారుతుంది. బాండ్ మెత్తగా ఉంటే, అది అరిగి మొద్దు నలుసును రాల్చేసి, కింద ఉన్న పదును నలుసును బయటకు తెస్తుంది. బాండ్ గట్టిగా ఉంటే మొద్దు నలుసులు అలాగే ఉండిపోయి, అంచు అద్దంలా నున్నబడుతుంది. బ్లేడు వేడెక్కుతుంది గాని రాయి తెగదు. అప్పుడు అనుభవం గల మేస్త్రీ ఆ బ్లేడుతో ఒక ఇసుకరాతినో, గరుకు ఇటుకనో కాసేపు కోస్తాడు. అంచు మళ్ళీ విచ్చుకొంటుంది. బ్లేడుకు కక్కు కొట్టడం అంటే ఇదే! ఇసుకరాయి దగ్గర వ్యవహారం వేరు. అది మెత్తనిదే గాని గరుకు. బాండ్‌ను ఇట్టే తినేస్తుంది. అక్కడ గట్టి బాండ్ కావాలి.

అంగడి పేరును నమ్మి బ్లేడు కొనకూడదు. ఒంగోలు దగ్గర చీమకుర్తి నుంచి ప్రపంచమంతా పోయే బంగారు చుక్కల నల్లరాయి, బ్లాక్ గెలాక్సీ, వ్యాపారంలో గ్రానైటే. భూగర్భశాస్త్రంలో అది గాబ్రో జాతిది. తాండూరు బండ, బేతంచెర్ల బండ, కడప బండ సున్నపురాళ్ళు. కాల్సైటు కనుక మెత్తనివి. రాయి ఏదో తెలిసిన తరువాతే రంపం.

రెండవది వేగం. పెద్ద యంత్రం మీద గ్రానైటుకు బ్లేడు అంచు సెకనుకు 30 మీటర్లు పరుగెత్తితే సరిపోతుంది. 350 మిల్లీమీటర్ల బ్లేడుకు అది నిమిషానికి సుమారు 1,640 చుట్లు. చేతి గ్రైండరు మీది 125 మిల్లీమీటర్ల చక్రం 11,000 చుట్లు తిరిగితే అంచు వేగం 72 మీటర్లు. అంటే రెట్టింపుకు పైమాట. ఆ వేగంలో నీరు లేకుండా కోస్తే వజ్రం మాడుతుంది, ధూళి మేఘంలా లేస్తుంది.

అసలు చెప్పదలచుకొన్నది ఈ ధూళి సంగతే. రాతిలోని సిలికా కంటికి కనిపించనంత సన్నని పొడిగా ఊపిరితిత్తుల లోతుకు చేరితే అక్కడ మచ్చలు కడుతుంది. దానిని సిలికోసిస్ అంటారు. నయం చేసే మందు లేదు. ఇది కొత్త రోగం కాదు. న్యూ సౌత్ వేల్స్‌లో ఈ రోగుల పరిహారానికి 1942లోనే చట్టం వచ్చింది. పాలరాతిలో సిలికా బహు తక్కువ. గ్రానైటులో సుమారు 20 నుంచి 45 శాతం. క్వార్ట్జు పొడిని జిగురుతో అతికించి చేసిన కృత్రిమ రాయిలో 90 శాతం దాటేది కూడా ఉన్నది. చవక, అందం, రకరకాల రంగులు. కనుక 2000 తరువాత ఇక్కడి ఇళ్ళన్నింటిలో అదే వెలసింది. దాన్ని నీరు లేకుండా గ్రైండరుతో కోసిన కుర్రవాళ్ళు ముప్పై, నలభై ఏళ్ళకే ఊపిరాడక మంచం పట్టారు. 2018లో క్వీన్స్‌లాండు తనిఖీలలో రోగులు అనేకులు బయటపడ్డారు. చివరకు 2023 డిసెంబరులో నిర్ణయం తీసుకొని, 2024 జూలై 1 నుంచి దాని తయారీ, సరఫరా, బిగింపులను ఆస్ట్రేలియా నిషేధించింది. ప్రపంచంలో ఈ పని చేసిన మొదటి దేశం ఇదే. దిగుమతి మీద నిషేధం 2025 జనవరి 1న వచ్చింది.

మన ఇళ్ళలో చాలామందికి ఆ బల్లలే ఉన్నాయి. వాటిని చూచి భయపడనక్కరలేదు. కోయనంతవరకు వాటి వల్ల హాని లేదు. కొత్త పొయ్యికో, కొళాయికో బెజ్జం పెద్దది చేయవలసి వస్తే మాత్రం స్వయంగా గ్రైండరు పట్టుకోవద్దు. నియమాలు తెలిసిన పనివాణ్ణి పిలవండి. సహజమైన గ్రానైటు వేయించుకొన్నా అందులో సిలికా ఉండనే ఉన్నది. ధర అడిగే ముందు రెండు ప్రశ్నలు అడగండి: నీళ్ళు పోసి కోస్తారా? కోసేవారికి సరైన మాస్కు ఉన్నదా? నాలుగు డాలర్లు ఎక్కువైనా అలా చేసేవారికే పని ఇవ్వండి.

గట్టి రాయి దగ్గర ఏదో ఒకటి అరగక తప్పదు. ఈజిప్టులో రాగి అరిగింది. ఇప్పుడు బ్లేడులోని మెత్తని లోహం అరగాలి. అది అరగడానికే పుట్టింది, పోతే కొత్తది కొనుక్కోవచ్చు. కోసేవాని ఊపిరి అలా కొనుక్కొనేది కాదు.