ఆఫ్రికా డైసీ, పులికాట్ కాత్రీన్

మా అత్తగారి లెక్కలో పువ్వులు రెండే రకాలు. దేవుడికి పెట్టేవి, తల్లో పెట్టుకునేవి. ఈ రెండింటికీ పనికిరాని ఆఫ్రికా డైసీకి నేను నీళ్ళు పోస్తుంటే, "యాడిదో పరాయి పువ్వుకు ఇంత చాకిరీ ఎందుకు మే?" అంటారు. మాట సరదాగా అన్నదే. కానీ పరాయి అంటే ఏమిటని వెతుక్కుంటూ పోతే నాకు పెద్ద చరిత్రే దొరికింది.

అసలు మన ఇళ్ళలో ఏది సొంతం చెప్పండి? గుమ్మానికి కట్టే బంతి మెక్సికో నుంచి వచ్చింది. సాయంత్రం పూసే చంద్రకాంత పెరూ వైపుది. గోడవారన దానంతట అదే మొలిచే బిళ్ళగన్నేరు మడగాస్కర్‌ది. పచ్చడిలో మిరపకాయ కూడా పోర్చుగీసు వాళ్ళ ఓడల్లో దిగిందే. ముందొచ్చినవి మనవైపోయాయి, వెనకొచ్చినది పరాయిదైంది. అంతే తేడా.

నేను వేసే రకానికి శాస్త్రం పేరు డైమార్ఫోథీకా. మన చామంతి, పొద్దుతిరుగుడు కుటుంబమే. దీని పుట్టిల్లు దక్షిణాఫ్రికా పడమటి తీరం, కేప్ ప్రాంతం. వాన తక్కువ నేల. ఉన్న నాలుగు చినుకులూ చలికాలంలో పడితే, ఆగస్టు, సెప్టెంబరు నెలల్లో నేలంతా పూస్తుంది. మబ్బు పడితే రేకులు ముడుచుకుంటుంది. అందుకే 1753లో లిన్నేయస్ అనే స్వీడన్ శాస్త్రవేత్త, తెల్లరకానికి వాన పేరు కలిసొచ్చేలా లాటిన్‌లో నామకరణం చేశాడు.

ఆ కేప్‌లో 1652లో డచ్చి కంపెనీ దిగింది. నెలల తరబడి సముద్రం మీద ఉండే నావికులకు పచ్చి కూరలు లేక చిగుళ్ళు కుళ్ళి ప్రాణాలు పోయేవి. దారిలో ఓడలకు కూరగాయలు అందించడానికి అక్కడ పెద్ద తోట వేశారు. ఆ తోట స్థలం ఇప్పటికీ కేప్‌టౌన్ నడిబొడ్డున ఉంది.

అదే కంపెనీ అంతకు ముందే మన తీరంలో ఉంది. మా నగరికి తూర్పున ఒక పూట ప్రయాణంలో వచ్చే పులికాట్, మన పాతవాళ్ళు ప్రళయకావేరి అన్న ఊరు. చంద్రగిరి, వేలూరు నుంచి ఏలిన వేంకటపతి రాయలు 1610లో డచ్చి వాళ్ళకు అక్కడ వ్యాపారానికి అనుమతి ఇచ్చాడు. 1613లో వాళ్ళు గెల్డ్రియా కోట కట్టారు. వాళ్ళకు కావలసింది మన నేతగాళ్ళ బట్ట. మగ్గాల చప్పుడు వింటూ బతికే నగరి వాళ్ళకు దాని విలువ వేరే చెప్పనక్కర్లేదు. అయితే బట్టతో పాటు మనుషులు కూడా ఎగుమతి అయ్యారు. కరువు రోజుల్లో పిల్లల్నీ ఆడవాళ్ళనీ బానిసలుగా కొని బటావియాకు, అంటే నేటి జకార్తాకు తోలుకుపోయారు.

పులికాట్ నుంచి అలా వెళ్ళిన ఒకామెను డచ్చి కాగితాలు పెద్ద కాత్రీన్ అంటాయి. బటావియాలో ఒక మగవాడి చావు కేసులో ఆమెకు మరణశిక్ష పడింది. తర్వాత దాన్ని తగ్గించి, 1657లో కేప్‌కు పంపారు. అక్కడ కమాండర్ ఇంటి బట్టలు ఉతికింది. ఏళ్ళ తర్వాత క్షమాభిక్ష దొరికి స్వతంత్రురాలైంది. ఆ కాగితాల్లో ఆమె పేరు పక్కన ఊరి పేరు మాత్రం నిలిచిపోయింది. ఏటా వసంతంలో పూసే ఈ పువ్వుల్ని ఆమె చూడకుండా ఉండే వీల్లేదు. మనకు సరదాగా ప్యాకెట్టులో వచ్చిన మొక్క ఉన్న నేలకు, మన పక్క ఊరి ఆడకూతురు సంకెళ్ళ దారిలో వెళ్ళింది. అది తెలిసాక నాకు ఈ పువ్వును పరాయిది అనబుద్ధి కాలేదు.

ఇక పెంచాలనుకునే వాళ్ళకు నాలుగు మాటలు. మనకు వానలు ఐప్పసి, కార్తీకాల్లో వస్తాయి కదా, పెద్ద వానలు తగ్గాక నవంబరులో వేయండి. ఎర్రమట్టి, ఇసుక, మాగిన పశువుల ఎరువు సమంగా కలిపి, విత్తనం మీద పల్చగా మట్టి చల్లితే చాలు. పది, పదిహేను రోజుల్లో మొలుస్తుంది. నాలుగాకులు వచ్చాక జానెడు దూరంలో నాటుకోండి. పూర్తి ఎండ కావాలి, నీళ్ళు మాత్రం నిలవకూడదు. ఎరువు ఎక్కువైతే ఆకు పెరుగుతుందే కానీ పువ్వు రాదు. రెండు, రెండున్నర నెలల్లో పూస్తుంది. మన ఏప్రిల్ ఎండకు తట్టుకోదు, ఆలోగా విత్తనం తీసుకోవాలి.

ఒకే పువ్వులో రెండు ఆకారాల విత్తనాలు ఉంటాయి. నడిమివి రెక్కలున్న బిళ్ళల్లా, అంచువి సన్నటి పుల్లముక్కల్లా. డైమార్ఫోథీకా అనే పేరు అందుకే. పుల్లల్లా ఉన్నవాటిని చెత్త అనుకుని పారేయకండి, అవీ మొలుస్తాయి. బాగా ఆరాక కాగితం పొట్లంలో కట్టి పెట్టుకోవాలి. పొట్లం మీద నేను రకం, నెల రాసేదాన్ని. ఈ ఏడాది నుంచి పుట్టిన ఊరు కూడా రాస్తున్నాను.