సారాయి, కాలేయము, పసుపుకొమ్ము

మార్టూరు చుట్టుప్రక్కల నల్లరేగడి నేలలు ప్రత్తికి, మిరపకు పేరు పొందినవి. ఇదే మైదానములోని దుగ్గిరాల పసుపు వ్యాపారమునకు ప్రసిద్ధి. పచ్చిమిరపకాయలో సి విటమిను, పసుపుకొమ్ములో కర్క్యుమిన్ అను పదార్థము ఉన్నవి. ఈ రెండును ఆక్సీకరణమును అడ్డగింపగలవు. ఇట్టివానిని యాంటీ ఆక్సిడెంట్లు అందురు. సారాయిచే చెడు కాలేయమును ఇట్టి పదార్థములు కాపాడగలవా? ఈ ప్రశ్నకు శాస్త్రజ్ఞులు అరువది ఏండ్లుగా సమాధానము వెదకుచున్నారు.

తొలుత అసలు నేరము మద్యముదేనా అన్నదే తేలలేదు. త్రాగుబోతులు సరిగా తినరు గనుక పోషకాహార లోపముచేతనే వారి కాలేయము చెడునని పలువురు తలచిరి. ఇన్సులినును కనుగొన్నవారిలో ఒకరైన చార్లెస్ బెస్ట్, ఆయన సహచరులు 1949లో ఎలుకలకు మద్యముతోపాటు కోలీన్ అను పోషకమునిచ్చి, కాలేయము చెడకుండుటను చూపిరి. న్యూయార్కులో చార్లెస్ లీబర్ ఈ అభిప్రాయమును త్రోసిపుచ్చెను. పుష్టికరమైన ఆహారముతోపాటు మద్యమిచ్చిన బబూన్ కోతులలో కొన్నింటికి కాలేయము గట్టిపడు సిర్రోసిస్ వ్యాధి కలిగినదని ఆయన బృందము 1974లో ప్రకటించెను. మంచి తిండి తినినను మద్యము విషమే యని దీనివలన స్పష్టమైనది.

ఈ విషము పనిచేయు విధమేమి? మద్యము కాలేయములో మొదట ఎసిటాల్డిహైడుగాను, పిదప ఎసిటేటుగాను మారును. ఈ మార్పునకు సాధారణ మార్గముగాక మరియొక ఎంజైముల మార్గము కలదని లీబర్, డికార్లీ 1968లో తెలిపిరి. నిత్యము త్రాగువారిలో ఈ రెండవ మార్గము బలపడును. అపుడు మిక్కిలి చురుకైన ఆమ్లజని రూపములు వెలువడి, కణముల పొరలలోని క్రొవ్వును దెబ్బతీయును. వీనిని అణచుటకు కాలేయములో గ్లూటథయోన్ అను సహజ రక్షకము ఉన్నది. త్రాగుడు హెచ్చినకొలది అది తరిగిపోవును. మరి బయటినుండి రక్షకమును అందింపరాదా? 1960 దశకములో డి లూజియో ఎలుకలకు ముందుగా యాంటీ ఆక్సిడెంట్లనిచ్చి, మద్యమువలన కాలేయమున క్రొవ్వు చేరుట తగ్గినదని చూపెను. ఆశలు చిగురించినవి.

కాని మనుష్యులలో ఫలితములు నిలకడగా లేవు. ఐరోపాలోని మిల్క్ తిసిల్ అను ముండ్లమొక్క గింజలనుండి తీసిన సిలిమరిన్‌ను వియన్నాలో 170 మంది సిర్రోసిస్ రోగులపై పరీక్షించిరి. 1989 నివేదిక ప్రకారము నాలుగేండ్ల పిమ్మట మందు పుచ్చుకొన్నవారిలో 58 శాతము, పుచ్చుకొననివారిలో 39 శాతము బ్రతికియుండిరి. 1998లో వెలువడిన స్పెయిన్ పరీక్షలో 200 మంది మద్యపానరోగులకు అదే మందు ఆయుర్దాయము పెంచలేదు. తీవ్రమైన కాలేయపు వాపు గల 174 మందికి ఫ్రాన్సులో ప్రెడ్నిసొలోన్ ఇచ్చి, సగము మందికి అదనముగా ఎన్-ఎసిటైల్ సిస్టీన్ ఇచ్చిరి. ఒక నెలలో మరణములు 24 శాతమునుండి 8 శాతమునకు తగ్గినవి. ఆరు నెలలకు ఆ తేడా నిశ్చయముగా నిలువలేదు. ఇది 2011 నాటి మాట.

పసుపు సంగతి యేమి? కర్క్యుమిన్‌ను 1815లో ఫోగెల్, పెల్టియే వేరుచేసిరి. అది ఎలుకలలో మేలు చేసినను, మనుష్యుని ప్రేగులనుండి నెత్తురులోనికి చేరునది స్వల్పము. పైగా గాఢమైన పసుపు మాత్రలవలన కాలేయము దెబ్బతిన్న రోగుల వివరములు 2022లో అమెరికాలో ప్రకటితమైనవి. కూరలో వేయు చిటికెడు పసుపునకు ఈ మాట వర్తింపదు.

పొయ్యిలో కట్టెలు త్రోయుచునే నీళ్లు చిలకరించినచో మంట ఆరునా? త్రాగుడు మానినచో మాత్రము కాలేయములో చేరిన క్రొవ్వు కొలది వారములలోనే తగ్గును. సిర్రోసిస్ వచ్చినవానికి సైతము ఆయుర్దాయము హెచ్చును. మార్టూరునకు దక్షిణముగా నెల్లూరు జిల్లా దూబగుంటలో స్త్రీలు 1992లో సారా దుకాణము మూయించి పట్టినది ఈ మూలమునే. వారి ఉద్యమ ఫలితముగా 1993 అక్టోబరు 1న రాష్ట్రమున సారా నిషేధింపబడెను. 1995లో వచ్చిన సంపూర్ణ మద్యనిషేధము 1997లో సడలింపబడినది.

కాలేయమును కాపాడు మాత్రయని ప్రకటన కనబడినపుడు విద్యార్థి అడుగవలసినవి రెండు ప్రశ్నలు: ఇది ఎలుకలలో తేలినదా, మనుష్యులలోనా? త్రాగుడు మానకున్నను పనిచేసినదా? రెండవ ప్రశ్నకు అవునని చెప్పగల మందు నేటివరకు రాలేదు.