విద్యార్థుల్లో దృశ్య ప్రాదేశిక, చిత్రకళా ప్రతిభ గుర్తింపు: పాతపట్నం ప్రాంతం

దృశ్య ప్రాదేశిక ప్రజ్ఞ అంటే ఆకారాలను, దూరాలను, దిశలను మనసులోనే చూసి, తిప్పి, విడదీసి, కలపగల శక్తి. హోవార్డ్ గార్డ్‌నర్ 1983లో వివరించిన బహుళ ప్రజ్ఞల్లో ఇది ఒకటి. చిత్రకారులకే కాక శిల్పులకు, ఇంజనీర్లకు, శస్త్రవైద్యులకు కూడా ఇది అవసరం. బొమ్మ గీసే నేర్పు దీనికి దగ్గరిదే కానీ రెండూ ఒకటి కావు. అందుకే వాటిని విడివిడిగా గమనించాలి.

స్థానిక నేపథ్యం

శ్రీకాకుళం జిల్లాలోని పాతపట్నం మహేంద్రతనయ నది ఒడ్డున, ఒడిశాలోని పర్లాకిమిడి పక్కనే ఉంది. తెలుగుతో పాటు ఒడియా, సవర మాట్లాడే కుటుంబాలు ఈ ప్రాంతంలో ఉన్నాయి. బడి భాష, ఇంటి భాష వేరైన పిల్లల తెలివి మాటలతో నడిచే పరీక్షలో మరుగున పడుతుంది. ఆకారజ్ఞానం మాత్రం ఇక్కడివారికి తరాల ఆస్తి. సవరల గోడచిత్రాల్లో త్రిభుజాలు కలిసి మనుషులవుతాయి. సారవకోట మండలం బుడితి ఇత్తడి, కంచు పనికి పేరుపొందింది. ఇంటి ముందు చుక్కల ముగ్గు వేసే పిల్ల సౌష్ఠవాన్ని లెక్క తప్పకుండా పాటిస్తుంది.

గుర్తించే పద్ధతులు

మాటల అవసరం అంతగా లేని పరీక్షల్లో 1938లో వెలువడిన రావెన్ మాత్రికలు ప్రసిద్ధమైనవి. ఎనిమిదో తరగతి విద్యార్థులు రాసే ఎన్‌ఎంఎంఎస్ ఉపకార వేతన పరీక్షలోని మెంటల్ ఎబిలిటీ భాగంలోనూ బొమ్మల ప్రశ్నలుంటాయి. వీటికి తోడు ఉపాధ్యాయుడి పరిశీలన ముఖ్యం. పటాన్ని త్వరగా చదవడం, విప్పిన వస్తువును తిరిగి అమర్చడం, చూసిన చోటును జ్ఞాపకం మీద గీయడం ప్రధాన సూచికలు. చిత్రకళలో ఒక్క బొమ్మను చూసి తీర్పు చెప్పకూడదు. ఏడాది పొడవునా గీసినవన్నీ దాచి, మార్పును చూడాలి. చూసి దించడంలోని శుభ్రతకంటే సొంత ఊహకు, పట్టుదలకు ఎక్కువ విలువివ్వాలి.

చారిత్రక ఉదాహరణలు

అమెరికాలో లూయిస్ టెర్మన్ 1921లో ప్రారంభించిన ప్రతిభావంతుల అధ్యయనానికి, భాషకు ప్రాధాన్యమిచ్చిన పరీక్షలో ఎంపిక కాని పిల్లల్లో విలియం షాక్లీ, లూయిస్ అల్వారెజ్ ఉన్నారు. తర్వాత ఇద్దరూ భౌతికశాస్త్రంలో నోబెల్ పొందారు.

గుర్తింపు ఫలించిన కథలు తెలుగునాట ఉన్నాయి. రాజమండ్రి కళాశాల ప్రిన్సిపాల్ ఆస్వాల్డ్ కూల్డ్రే దామెర్ల రామారావు ప్రతిభను గుర్తించి, బొంబాయిలో చిత్రకళ చదివేందుకు ప్రోత్సహించాడు. శ్రీకాకుళంలో 1921లో పుట్టిన వడ్డాది పాపయ్యకు డ్రాయింగు మాస్టారైన తండ్రే తొలి గురువు. ఆ బాలుడే చందమామ ముఖచిత్రాల ‘వపా’ అయ్యాడు.

గుర్తింపు తర్వాత

గుర్తించి వదిలేస్తే ప్రయోజనం లేదు. కాగితం, రంగులు, డ్రాయింగు పీరియడు, స్థానిక కళాకారుల సాంగత్యం అందాలి. 2015లో మొదలైన జాతీయ కళా ఉత్సవ్ పోటీలు, వాస్తుశిల్ప కోర్సులకు నాటా ప్రవేశ పరీక్ష ముందున్న దారులు. వాటి గురించి పదో తరగతికి ముందే పిల్లలకూ తల్లిదండ్రులకూ వారి ఇంటి భాషలో చెప్పడం బడి బాధ్యత.